వెయ్యి రూపాయల్లో రెసిస్టెన్స్ బ్యాండ్లు: డబ్బా మీది పౌండ్లు నమ్మకండి, కొలిచి చూసుకోండి

చదివేవాళ్లకి తెలియాలి కాబట్టి మీరు అడిగింది ముందు చెప్పేస్తాను. మీకు 29 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్. జిమ్ ఫీజు దండగ అవుతోందని మానేశారు. ఇంట్లోనే రెసిస్టెన్స్ బ్యాండ్లతో, అంటే లాగుతూ వ్యాయామం చేసే సాగే రబ్బరు పట్టీలతో చేద్దామని వెతికితే 899 రూపాయలకి 11 ఐటమ్స్ ఉన్న ట్యూబ్ సెట్టు (రబ్బరు గొట్టాలు, వాటికి తగిలించే హ్యాండిళ్లు) కనిపించింది, దాని మీద 150 పౌండ్లు అని ఉంది. అయిదు చిన్న లూప్‌ల (రింగులా ఉండే రబ్బరు పట్టీల) సెట్టు ఒకటి, పొడుగు లూప్ ఒకటి కూడా చూసి పెట్టుకున్నారు. బడ్జెట్ వెయ్యి. 61 ఏళ్ల అమ్మగారికి మోకాళ్ల నొప్పి, ఆవిడకీ పనికొస్తే బాగుండనుకుంటున్నారు. వీటితో నిజంగా కండ పెరుగుతుందా, పాత సైకిల్ ట్యూబ్ వాడితే సరిపోదా అని కూడా అడిగారు.

నేను పదహారేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. రోజూ చేతిలో ఆడే వస్తువులు ఇవే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఏం కొనాలో ముందు చెప్పేస్తా. 41 అంగుళాల పొడుగు లూప్‌లు రెండు తీసుకోండి, అర అంగుళం వెడల్పుది ఒకటి (13 మిల్లీమీటర్లు అని రాస్తారు), 21 లేదా 22 మిల్లీమీటర్లది ఇంకోటి. అమ్మగారికి హాస్పిటల్లో వాడే పల్చటి పట్టీ లాంటి ఫ్లాట్ బ్యాండ్ ఒకటిన్నర మీటరు ముక్క. ఈమధ్య రేట్లలో ఇవి వెయ్యికి అటూఇటూ అవుతాయి. దాటితే 22 మిల్లీమీటర్లది వచ్చే నెల కొనుక్కోండి, కొంపలేం మునగవు. ఆ 899 సెట్టు మాత్రం వద్దు. చెత్త అని కాదు, అందులో సగం మీరు ముట్టుకోరు. వాడే ఆ సగంలోనే తొందరగా పాడయ్యే భాగం ఉంది. అదేంటో తర్వాత చెప్తాను.

150 పౌండ్ల సంగతి. పౌండు అంటే 450 గ్రాముల చిల్లర, అంటే 150 పౌండ్లు 68 కిలోలు. ఆ సెట్లో అయిదు ట్యూబులు ఉంటాయి, మామూలుగా 10, 20, 30, 40, 50 అని రాసి ఉంటుంది, కూడితే 150. అంటే అయిదింటినీ ఒకే హ్యాండిల్‌కి తగిలించి, కంపెనీవాడు అనుకున్నంత దూరం సాగదీస్తే వచ్చే లెక్క అది. ఎంత దూరం అనుకున్నాడో చాలామంది డబ్బా మీద రాయరు. రాయకపోతే ఆ అంకెకి అర్థమే లేదు, ఎందుకంటే రబ్బరు డంబెల్ లాంటిది కాదు. అయిదు కిలోల డంబెల్ మోకాలి దగ్గరున్నా తల మీదున్నా అయిదు కిలోలే. బ్యాండు ఎంత సాగితే అంత బరువు.

ఇది మాటల్లో చెప్తే ఎక్కదు. నా దగ్గరున్న అర అంగుళం లూప్ ఒకదాన్ని కొలిచాను, దాని కవర్ మీద 15 నుంచి 35 పౌండ్లు అని ఉంది. నేల మీద సాపుగా పెడితే పొడుగు 104 సెంటీమీటర్లు. ఒక కొసని కిటికీ ఊచకి తువ్వాలు చుట్టి తగిలించి, రెండో కొసకి ఊళ్లకి పోయేటప్పుడు సూట్‌కేసు తూచుకునే కొక్కెం కాటా పెట్టి లాగాను. కొసలు 140 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు కాటా నాలుగున్నర కిలోల దగ్గర ఆగింది. 2 మీటర్లకి తొమ్మిదిన్నర. రెండున్నర మీటర్లకి 13 చిల్లర. ఇప్పుడు మీ ఎత్తుకి లెక్కేయండి. లూప్‌ని పాదం కింద తొక్కిపెట్టి పై కొసని భుజం దాకా లాగితే, అంటే చేతుల ముందు కండకి చేసే కర్ల్ అన్నమాట, కొస భూమికి ఓ 140 సెంటీమీటర్ల ఎత్తుకి వస్తుంది. మీరు ఎత్తేది నాలుగున్నర కిలోలు. అదే బ్యాండుతో చేతులు నిటారుగా తల పైకి లేపితే 2 మీటర్లు, ఎత్తేది తొమ్మిదిన్నర. బ్యాండు ఒకటే, మనిషి ఒకడే, బరువు రెట్టింపు. మన శరీరం చూస్తేనేమో తల పైకి తోసేటప్పుడు కర్ల్ కంటే రెట్టింపేం మోయలేదు. అందుకే చాలామంది ఒక బ్యాండు కొని, దీంతో చేతులకి ఏం తెలియట్లేదు, భుజాలకేమో చస్తున్నాం, ఇది డూప్లికేట్ అని రివ్యూ రాస్తారు. బ్యాండు తప్పేం లేదు.

దీనికి విరుగుడు కూడా బ్యాండులోనే ఉంది. లూప్‌ని మధ్యకి మడిచారనుకోండి, పొడుగు సగమై 52 సెంటీమీటర్లకి వస్తుంది, పోగులు రెండు కాస్తా నాలుగు అవుతాయి. పొడుగు తగ్గినందుకు రెట్టింపు, పోగులు పెరిగినందుకు మళ్లీ రెట్టింపు, మొత్తం నాలుగింతలకి దగ్గరగా బిగుసుకుంటుంది. అంత వద్దనుకుంటే మడవక్కర్లేదు, ఒక పాదం బదులు రెండు పాదాలతో కాస్త ఎడంగా తొక్కండి, లేదా చేతికి ఒక చుట్టు చుట్టుకోండి. పైకి పోయే పొడుగు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. అందుకే అయిదు ట్యూబుల కంటే రెండు లూప్‌లు మేలంటున్నాను. ఈ కిటుకు తెలిసినవాడికి రెండు లూప్‌లే ఆరేడు డంబెల్స్ పని చేసిపెడతాయి.

కాటా లేనివాళ్లు బక్కెట్‌తో చూసుకోవచ్చు. లీటరు నీళ్లు కిలో. మెట్ల రెయిలింగ్‌కి గుడ్డ చుట్టి లూప్ తగిలించి కిందికి వదలండి, కింద బక్కెట్ కట్టి మగ్గుతో నీళ్లు పోస్తూ ఎంత సాగుతోందో టేపుతో చూడండి (బక్కెట్ బరువు కలపడం మర్చిపోకండి, ప్లాస్టిక్ బక్కెటే ముప్పావు కిలో దాకా ఉంటుంది). కింద ఎవరూ లేనప్పుడే చేయండి. పిల్లలుంటే ఇంట్లో దీనంత కాలక్షేపం ఇంకోటి లేదు, కానీ బక్కెట్ కింద వాళ్ల కాళ్లు ఉండకూడదు.

రంగుల గొడవ ఒకటుంది. ఎర్రది తేలిక, నల్లది గట్టి అని అందరూ అనేస్తుంటారు. అది అన్ని కంపెనీలకీ వర్తించే రూలేం కాదు. ఫ్లాట్ బ్యాండ్లలో అమెరికా థెరాబ్యాండ్ వాళ్లు ఒక వరస పెట్టారు, హాస్పిటళ్లలో ఎక్కువగా దాన్నే అనుసరిస్తాం. వాళ్ల లెక్క స్పష్టంగా ఉంటుంది, బ్యాండు రెట్టింపు పొడుగుకి సాగినప్పుడు పసుపు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3. ఎంత సాగితే ఎంత అన్నది చెప్పారు చూడండి, నిజాయితీ అంటే అది. లూప్‌లకీ ట్యూబులకీ వచ్చేసరికి ఎవరిష్టం వాళ్లది. ఒకడి ఎరుపు ఇంకొకడి నలుపుతో సమానంగా ఉండటం నేనే చూశాను. డెకత్లాన్ వాళ్లు లూప్‌ల మీద 5, 15, 25, 35 అని కిలోల్లోనే వేస్తారు, పౌండ్లు మార్చుకునే బాధ లేదు. అయినా సరే అది ఎంత సాగినప్పుడు అన్న ప్రశ్న అడగాల్సిందే. కాబట్టి రంగు వదిలేయండి. లూప్‌కి వెడల్పు, మందం, పొడుగు, ఈ మూడూ చూసి కొనండి.

ఇప్పుడు ట్యూబ్ సెట్టు దగ్గరికి వస్తాను. 2020 లాక్‌డౌన్‌లో క్లినిక్ మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు నేనూ ఒకటి కొన్నాను, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. బెడ్‌రూమ్‌లో కిటికీకి కట్టి వెనక్కి లాగుతున్నాను, మూడో నెల అనుకుంటా, టప్పుమని చప్పుడు, చేతిలో హ్యాండిల్ ఒక్కటే మిగిలింది. ట్యూబు కిటికీ వైపు ఎగిరిపోయింది, దాని రెండో కొసనున్న ఇనుప కొక్కెం గిర్రున తిరిగి వచ్చి బీరువా అద్దానికి తగిలింది. అద్దం మూలన చీలిక ఇప్పటికీ ఉంది, మా ఆవిడ మార్చనివ్వదు, చూసినప్పుడల్లా గుర్తుండాలట. అదే నా మొహానికి తగిలి ఉంటే ఈ సమాధానం ఒక కంటితో రాస్తుండేవాణ్ని. తర్వాత ఆ ట్యూబుని పట్టుకుని చూస్తే రబ్బరుకి ఏం కాలేదు, కొత్తదానిలా ఉంది. ట్యూబు కొసలో గోళీ కాయంత ప్లాస్టిక్ బిరడా ఒకటి దూర్చి, పైన గుడ్డ పట్టీ బిగించి, ఆ పట్టీకి కొక్కెం కుడతారు. ఆ బిరడా జారిపోయింది. చవక సెట్లలో తొందరగా పోయే భాగం అని పైన చెప్పింది ఇదే, రబ్బరు కాదు, అతుకు. లూప్‌లో అతుకు ఉండదు, కొక్కెం ఉండదు, బిరడా ఉండదు. తెగితే రబ్బరు దెబ్బ తగులుతుంది, వాత పడుతుంది, కానీ ఇనుము మొహం మీదికి రాదు. ఇప్పటికే ట్యూబ్ సెట్టు కొనేసినవాళ్లు పారేయక్కర్లేదు, ప్రతిసారీ మొదలుపెట్టే ముందు గుడ్డ పట్టీని వెనక్కి లాగి బిరడా కొంచెమైనా బయటికి జరిగిందేమో చూసుకోండి, మొహానికి ఎదురుగా లాగే వ్యాయామాలు దాంతో చేయకండి.

పార్సిల్ వచ్చాక ఏం చూడాలి అన్నది ఎక్కువమంది అడగరు, అడగాల్సింది మాత్రం అదే, రిటర్న్ గడువు ఉండేది కొద్ది రోజులే కదా. మొదట అంచు చూడండి. మంచి లేటెక్స్ (రబ్బరు చెట్టు పాలతో చేసే రబ్బరు) లూప్‌ని పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి చుట్టి చేస్తారు, అంచుని వెలుతురులో పట్టుకుని చూస్తే మూసిన పుస్తకం పేజీల్లా సన్నటి గీతలు కనపడతాయి. ఇలాంటిది పాడయ్యేటప్పుడు చాలాసార్లు ముందు అంచు పొర లేచి మనకి చెప్తుంది. పోతపోసినట్టు ఒకే ముద్దగా ఉన్నదానికి ఎక్కడో చిన్న గాటు పడితే చాలు, అక్కడ్నుంచే ఒక్కసారిగా తెగుతుంది.

రెండోది తూకం. వంటింటి కాటా ఉంటే బయటికి తీయండి. 41 అంగుళాల లూప్ అంటే చుట్టుకొలత 208 సెంటీమీటర్లు. వెడల్పు 13 మిల్లీమీటర్లు, మందం నాలుగున్నర మిల్లీమీటర్లు అని రాస్తే, నీళ్ల కంటే కాస్త తేలికైన రబ్బరు లెక్కన అది 115 గ్రాముల దగ్గర తూగాలి. 22 మిల్లీమీటర్లది 195 గ్రాముల దగ్గర. ఓ పది గ్రాములు అటూఇటూ పర్వాలేదు, కానీ 115 తూగాల్సింది 75 తూగిందంటే మందం నాలుగున్నర కాదు, మూడే, అంటే వాడు రాసినంత బిగువు రాదు. కొనేముందే సైట్‌లో వివరాల కింద ఐటమ్ వెయిట్ అని ఉంటుంది, అక్కడే తేలిపోతుంది కొన్నిసార్లు. నేను ఈ లెక్క చెప్తే మా ఫ్రెండ్స్ నవ్వుతారు, బంగారం కొంటున్నావా అని. నవ్వనీండి.

మూడోది, సాగదీసి వదిలి చూడటం. పొడుగు కొలిచి, రెట్టింపు దాకా లాగి ఓ నిమిషం అలాగే పట్టుకుని, వదిలి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి. అరసెంటీమీటరు తేడా మామూలే. నాలుగైదు సెంటీమీటర్లు పెరిగి అలాగే ఉండిపోతే అది రబ్బరు కంటే ప్లాస్టిక్‌కి దగ్గర చుట్టం, తిరిగి పంపేయండి. కొత్తదాని మీద తెల్లటి పొడి ఉంటే భయపడకండి, అతుక్కోకుండా చల్లే పౌడరే అది.

చిన్న లూప్‌ల సెట్టు, అదే అయిదు రంగుల్లో రెండంగుళాల వెడల్పున వస్తుందే, అది రెండు మూడొందలకే దొరుకుతుంది. మోకాళ్ల పైన వేసుకుని పక్కకి నడవడానికి, పడుకుని నడుము లేపడానికి బాగుంటుంది. అంతకుమించి మీకు దాంతో పనిలేదు. పల్చటివి స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం) చేసేటప్పుడు తొడ మీద చుట్టలు చుట్టుకుపోయి వెంట్రుకలు పీకుతాయి, మగవాళ్లకి ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఇక అమ్మగారు. నేనైతే మీ బ్యాండ్ల కంటే ముందు ఆవిడది కొనమంటాను. ఫ్లాట్ బ్యాండ్లు ఆన్‌లైన్‌లో ఉంటాయి, కానీ కోఠి వైపు వెళ్లే పని ఉంటే సర్జికల్ షాపుల్లో అడగండి, రోల్ ఉన్న షాపువాళ్లు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, చేత్తో పట్టుకుని చూసి మరీ తీసుకోవచ్చు. పసుపు గానీ ఎరుపు గానీ చాలు. ఆవిణ్ని చేతుల్లేని గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కాబట్టి గోడకి ఆనించి పెట్టండి. బ్యాండు కొసలు రెండూ కలిపి ముడేసి, ఆ చుట్టులో ఒక వైపు కుర్చీ వెనక కాలికి, ఇంకో వైపు ఆవిడ చీలమండకి వచ్చేలా పెట్టండి. కాలు మెల్లగా ముందుకి చాపి, రెండు అంకెలు లెక్కపెట్టే దాకా ఆపి, అంతకంటే మెల్లగా దించాలి. పదిసార్లు, ఇంకో కాలు పదిసార్లు. ఊపిరి బిగపట్టొద్దని చెప్పండి, బీపీ ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. గట్టిగా లెక్కపెట్టమనండి, మాట్లాడుతుంటే ఊపిరి బిగపట్టడం కుదరదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం దీనికి జత, దానికి బ్యాండు కూడా అక్కర్లేదు. కాళ్లకి లూప్ వేసుకుని నడవడం మాత్రం ఈ వయసులో వద్దు, తట్టుకుని పడితే మోకాలి నొప్పి పోయి తుంటి ఎముక గొడవ మొదలవుతుంది. చేసిన రోజు కాస్త నొప్పి ఉండి మర్నాటికి తగ్గితే ఫర్వాలేదు. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, లాక్ అయినట్టు పట్టేసినా ఆపేసి ఎముకల డాక్టరుకి చూపించండి. ఇదివరకు ఆపరేషన్ అయ్యుంటే మొదలుపెట్టేముందే అడగండి.

కండ పెరుగుతుందా అన్నారు. పెరుగుతుంది. 2019లో బ్రెజిల్ పరిశోధకులు బ్యాండ్లతో చేసినవాళ్లనీ బరువులతో, మెషీన్లతో చేసినవాళ్లనీ పోల్చిన 8 అధ్యయనాలని ఒకచోట వేసి చూస్తే బలం పెరగడంలో పెద్ద తేడా కనపడలేదు. కండరానికి ఇనుమో రబ్బరో తెలీదు, ఎంత కష్టపడ్డానన్నదే తెలుస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్యాండుని లాగేటప్పుడు లాగుతారు, వెనక్కి వచ్చేటప్పుడు టపీమని వదిలేస్తారు. రబ్బరు దానంతటదే వెనక్కి పోతుంది కాబట్టి సగం పని చేయనట్టే. వెనక్కి పోనిచ్చేటప్పుడు మూడు లెక్కపెట్టండి, 12 నుంచి 20 సార్ల మధ్యలో ఇంక రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించే చోట ఆపండి. 20 దాటి తేలిగ్గా చేస్తున్నారంటే బ్యాండు మడిచే టైమొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 18 దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలంది, మీరు మూడు రోజులు పెట్టుకోండి. లూప్‌ని వీపు మీదుగా వేసి కొసలు అరచేతుల కింద పెట్టుకుని పుషప్స్, కిటికీకి వేసి వెనక్కి లాగడం, తొక్కిపెట్టి తల పైకి తోయడం, తొక్కిపెట్టి నడుము దగ్గర వంగి లేవడం. ఈ నాలుగూ కుదిరేదాకా అయిదోది వెతకొద్దు. ఒక్క లోటు ఒప్పుకోవాలి, తొడలకి ఎక్కువ బరువు కావాలంటే మాత్రం బ్యాండ్లు ఓ దశ దాటాక చాలవు, అప్పుడు ఒంటికాలి స్క్వాట్ల వైపు పోవాలి.

తలుపుకి తగిలించే యాంకర్ (ఒక కొసన స్పంజి గుండు ఉన్న గుడ్డ పట్టీ) వందా నూటయాభైకి విడిగా దొరుకుతుంది. కిటికీ ఊచలుంటే అవసరం లేదు గానీ, వాడితే ఇది గుర్తుపెట్టుకోండి. లాగినప్పుడు తలుపు ఇంకా గట్టిగా మూసుకోవాలి, తెరుచుకోకూడదు. మన ఫ్లాట్లలో బెడ్‌రూమ్ తలుపు గది లోపలికి తెరుచుకుంటుంది, కాబట్టి మీరు హాల్లో నిలబడాలి, స్పంజి గుండు గది లోపలి వైపు ఉండాలి, పట్టీ బందులున్న వైపు సందులోంచి బయటికి రావాలి. హాల్ వైపు గొళ్ళెం ఉంటే పెట్టేయండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి. అవతలి నుంచి ఎవరైనా తలుపు లాగారా, గుండు బయటపడి నేరుగా మీ మీదికే వస్తుంది. బాత్రూమ్ ప్లాస్టిక్ తలుపుకి, ఫ్యాన్ కొక్కేనికి, గ్యాస్ సిలిండర్‌కి కట్టొద్దు. నవ్వకండి, సిలిండర్‌కి కట్టినాయన మా క్లినిక్‌కే వచ్చాడు. ఎంత మంచి బ్యాండు అయినా మామూలు పొడుగుకి రెండున్నర రెట్లు దాటించి సాగదీయొద్దు, మడిచిన లూప్‌కి మామూలు పొడుగు 52 సెంటీమీటర్లే కాబట్టి అది 130 దాటకూడదు.

రబ్బరుకి ఎండ, వేడి, నూనె మూడూ శత్రువులే. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో బ్యాండు పట్టుకుంటే కొన్నాళ్లకి అక్కడ ఉబ్బి జిడ్డుగా మెత్తబడుతుంది, మా క్లినిక్‌లో పోయే ఫ్లాట్ బ్యాండ్లలో ఎక్కువ ఇలా పోయేవే. బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద మే నెలలో ఒక్క వారం వదిలేస్తే అది అయిపోయినట్టే. చెమట పట్టినదాన్ని మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, కాస్త టాల్కం పౌడరు రాసి కవర్లో పెట్టి అల్మారాలో పడేయండి. మేకుకి వేలాడదీయకండి. నెలకోసారి కాస్త సాగదీసి లైటు కింద మొత్తం చూడండి, సన్నటి పగుళ్లు గానీ గాటు గానీ కనపడితే కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి. ముక్కలు ఎందుకంటే, అలాగే చెత్తబుట్టలో వేస్తే పనిమనిషి కొడుకో పక్కింటి పిల్లాడో తీసి ఆడుకుంటాడు.

ఇంకోటి. లేటెక్స్ పడనివాళ్లు ఉంటారు. బెలూన్ ఊదితే పెదాలు దురద పెట్టడం, డాక్టరు గ్లోవ్స్ తగిలిన చోట దద్దుర్లు లేవడం లాంటివి మీకు గానీ అమ్మగారికి గానీ ఎప్పుడైనా అయ్యాయా? అయ్యుంటే లేటెక్స్ లేనివి అని స్పష్టంగా రాసి ఉన్నవే కొనండి. లేటెక్స్ పడనివాళ్లలో కొందరికి అరటిపండు, కివీ, అవకాడో కూడా పడవు, ఆ పళ్లు తింటే నోరు దురద పెట్టేవాళ్లు కూడా ముందు జాగ్రత్త పడటం మంచిది.

చివరికి సైకిల్ ట్యూబ్. చిన్నప్పుడు మా ఊరి తాలింఖానాలో దండీలు తీసే పెద్దవాళ్లు సైకిల్ ట్యూబు కోసి వేపచెట్టుకి కట్టి లాగేవాళ్లు, మేమూ లాగాం, ఏం కాలేదు. కాబట్టి అస్సలు పనికిరాదని నేననను. కానీ ఇప్పుడొచ్చే సైకిల్ ట్యూబుల్లో ఎక్కువ బ్యూటైల్ రబ్బరువి. గాలి పోకుండా పట్టి ఉంచడమే దాని గొప్ప, స్ప్రింగులా వెనక్కి రావడం కాదు. లాగితే మొద్దుగా సాగుతుంది, బద్ధకంగా వెనక్కి వస్తుంది. పైగా మీ చేతికొచ్చేది షాపువాడు పంక్చర్లు వేసి వేసి విసిగి పారేసిన ట్యూబు, అతుకుల అంచు దగ్గరే చీలుతుంది. ఊరికే ఒళ్లు విరుచుకోవడానికి, కాళ్లు చాపి పాదానికి వేసి పిక్కలు సాగదీసుకోవడానికి వాడుకోండి, దానికైతే బ్రహ్మాండంగా ఉంటుంది. కోసేటప్పుడు వాల్వు ఉన్న ముక్క తీసేసి కోయండి, అది ఇత్తడిది.